కొత్త కారులో బ్రేకు అదురు, స్టీరింగ్ వణుకు: మూలం పట్టుకోవడం ఎలా

బెంగళూరులో కారు కొన్న తెలుగువాళ్లకు ఆ కారు అసలు సంగతి తెలిసేది సిటీలో కాదు. మారతహళ్లి, సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో నలభై దాటని బండి, ఊరికి బయలుదేరి దేవనహళ్లి దాటాకే మొదటిసారి 100 అందుకుంటుంది. అప్పుడు బయటపడుతుంది. స్టీరింగ్ చేతుల్లో సన్నగా వణుకుతుంది. లేదంటే బాగేపల్లి టోల్ కనబడి బ్రేకు మీద కాలు పెట్టగానే ముందు భాగమంతా దడదడ అదురుతుంది. లక్షలు పోసి కొన్న బండి, లోపల ఇంట్లోవాళ్లందరూ ఉన్నారు. ఎవరికైనా టెన్షన్ వస్తుంది.

తిరిగొచ్చి సర్వీస్ సెంటర్‌లో చెప్తే ఎక్కువగా వినబడే మాట, "కొత్త బండి కదా సార్, తిరిగేకొద్దీ సెట్ అయిపోతుంది." కొన్ని నిజంగానే సెట్ అవుతాయి. కొన్ని మాత్రం తిరిగేకొద్దీ ముదురుతాయి. ఏది ఏ రకమో విడదీయడానికి మనం మెకానిక్ కానక్కర్లేదు. అదురు ఎప్పుడు వస్తోంది, ఎంత వేగంలో వస్తోంది, ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది అన్నది శ్రద్ధగా గమనిస్తే మూలం చాలావరకు తేలిపోతుంది. ఆ వివరాలు లేకుండా "వైబ్రేషన్ వస్తోంది" అని మాత్రమే చెప్తే, అలైన్‌మెంట్ చేసి బండి కడిగి పంపిస్తారు. అలైన్‌మెంట్ తేడా ఉంటే బండి ఒక పక్కకు లాగుతుంది, టైర్లు ఒకవైపే అరుగుతాయి. వణుకు రావడం మాత్రం సాధారణంగా దానివల్ల కాదు.

మొదటి మెట్టు: బండి కదలకముందు చూడాల్సినవి

ముందు టైర్లలో గాలి చూడండి. చల్లగా ఉన్నప్పుడే, అంటే పొద్దున్నే దగ్గర్లోని బంకులో. కొత్త కార్లను ఫ్యాక్టరీ నుంచి పంపేటప్పుడు, యార్డులో నిలబడినా టైర్లు నొక్కుకుపోకుండా గాలి ఎక్కువ పెట్టడం మామూలే. డెలివరీకి ముందు చేసే తనిఖీలో దాన్ని తగ్గించాలి. ఒక్కోసారి ఆ పని జరగదు. డ్రైవర్ డోర్ తీస్తే కనబడే స్టిక్కర్ మీద ఎంత ఉండాలో రాసి ఉంటుంది, దానికి సరిచేయించండి.

తర్వాత చక్రాల లోపలివైపు చూడండి. బెంగళూరులో వానలకు తవ్విపెట్టిన రోడ్ల మీద తిరిగితే రిమ్ లోపల బురద పట్టి ఎండిపోతుంది. చక్రం బ్యాలెన్స్ చెడగొట్టడానికి కొన్ని గ్రాముల మట్టి చాలు. ప్రెషర్ వాటర్‌తో లోపలివైపు కూడా కడిగించి చూడండి, కొందరి సమస్య అక్కడే తీరిపోతుంది. కానీ లాంగ్ డ్రైవ్ నుంచి రాగానే, బ్రేకు డిస్కులు (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేలు) వేడిగా ఉన్నప్పుడు మాత్రం నీళ్లు కొట్టించొద్దు.

అదే సమయంలో టైరు పక్క గోడల మీద చెయ్యి పెట్టి చుట్టూ తడమండి. ఎక్కడైనా ఉబ్బు తగిలితే లోపలి దారాలు తెగాయని అర్థం. గుంతలో గట్టిగా పడిన టైరుకు, కొత్తదైనా సరే, ఇలా అవుతుంది. దాన్ని మార్చేదాకా హైవే ఎక్కకండి. ఇక వీల్ నట్లు: బండితో వచ్చిన రెంచితో అన్నీ బిగువుగా ఉన్నాయో లేదో చూడండి. ఒక్కటి వదులుగా ఉన్నా అక్కడికి ఆగిపోయి, ముందు దాని సంగతి తేల్చుకోవాలి.

రెండో మెట్టు: రోడ్డు పరీక్ష

దీనికి ఖాళీగా, తిన్నగా, నున్నగా ఉండే రోడ్డు కావాలి. ఆదివారం తెల్లవారాక దేవనహళ్లి నుంచి చిక్కబళ్లాపుర వైపు ఎన్‌హెచ్ 44 దీనికి బాగుంటుంది. బోర్డు మీదున్న వేగ పరిమితి దాటొద్దు. పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకోండి, మీరు చెప్పింది వాళ్లు ఫోన్‌లో రాసుకుంటారు. నడుపుతూ మీరే రాసుకోవడం ప్రమాదం.

మొదట బ్రేకు జోలికి పోకుండా 60, 70, 80, 90, 100 దగ్గర ఒక్కోచోట కాసేపు నిలకడగా నడపండి. వణుకు ఏ వేగంలో మొదలైంది, ఎక్కడ ఎక్కువైంది, ఇంకా పెంచితే తగ్గిందా? స్టీరింగ్‌లో తెలుస్తోందా, సీటు కింద తెలుస్తోందా? స్టీరింగ్‌లో అయితే ముందు చక్రాలు, సీటులో, ఫ్లోర్‌లో అయితే వెనక చక్రాలు అనుకోవచ్చు. ఇది చాలాసార్లు నిజమవుతుంది, ప్రతిసారీ కాదు.

వణుకు ఉన్న వేగంలోనే యాక్సిలరేటర్ మీద కాలు తీసేయండి. మాన్యువల్ గేర్ అయితే రెండు క్షణాలు క్లచ్ కూడా నొక్కండి. వణుకు అలాగే ఉంటే అది చక్రాల వైపుది. కాలు తీయగానే పోయి, మళ్లీ తొక్కితే వస్తే ఇంజన్ మౌంటింగ్ (ఇంజన్‌ను బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మె) లేదా డ్రైవ్ షాఫ్ట్ (ఇంజన్ శక్తిని చక్రాలకు అందించే కడ్డీ) జాయింట్ వైపు చూడాలి. బండి నిలబడి ఉండి, ఏసీ వేసి, ఆటోమేటిక్ అయితే డీ లో ఉంచినప్పుడు స్టీరింగ్ వణికితే అది కూడా మౌంటింగ్ లేదా ఐడ్లింగ్ కథే, చక్రాలతో సంబంధం లేదు. మలుపు తిప్పినప్పుడు పెరిగి, తగ్గే గుయ్యిమనే మోత వస్తే బేరింగ్.

ఇప్పుడు బ్రేకు. వెనక వాహనాలు లేవని అద్దంలో చూసుకుని, 100 నుంచి 60కి మెల్లగా, ఒకే ఒత్తిడితో దించండి. తర్వాత 60 నుంచి 20కి. చేతుల్లో అదురుతోందా, పెడల్ కాలి కింద కొట్టుకుంటోందా, రెండూనా? సడన్ బ్రేకు వేసినప్పుడు, ఇసుక, కంకర మీద జారినప్పుడు "గర్ర్" మని పెడల్ కొట్టుకుంటే అది ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) పనిచేస్తున్న గుర్తు, లోపం కాదు. పొడి రోడ్డు మీద, మెల్లగా వేసిన బ్రేకుకు కూడా కొట్టుకుంటేనే అనుమానించాలి.

బ్రేకు అదురు 100 నుంచి 70 మధ్య భయపెట్టి, 40కి వచ్చేసరికి మాయమవడం చూసి చాలామంది "అప్పుడప్పుడే వస్తుంది" అంటారు. అప్పుడప్పుడు వచ్చేది కాదది. ఆ వేగాల్లో చక్రం సెకనుకు పది, పద్నాలుగు సార్లు తిరుగుతుంది. సస్పెన్షన్ సహజంగా ఊగే వేగానికి అది దగ్గరగా ఉంటుంది కాబట్టి, చిన్న లోపం కూడా అక్కడ పెద్దదై చేతికి తగులుతుంది. నెమ్మదించాక లోపం అలాగే ఉంటుంది, మనకు తెలియదంతే.

చాలా చిన్న కార్లకు వెనక డిస్కులు కాకుండా డ్రమ్ములు ఉంటాయి. డ్రమ్ము గుండ్రంగా లేకపోయినా అదురుతుంది, కానీ అది సీటులోనూ పెడల్‌లోనూ తెలుస్తుంది. చేత్తో లాగే హ్యాండ్‌బ్రేకు ఉంటే, ఖాళీ స్థలంలో 30 వేగంలో, బటన్ నొక్కి పట్టుకునే లీవర్‌ను కొద్దికొద్దిగా లాగండి. అప్పుడూ అదిరితే తప్పు వెనకది. బటన్‌తో పనిచేసే ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకు ఉన్న కారులో ఈ పరీక్ష చేయొద్దు.

మూడో మెట్టు: బ్రేకు వేయకపోయినా వణికితే

80 నుంచి 110 మధ్య వచ్చే స్టీరింగ్ వణుకుకు వీల్ బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమంగా ఉండేలా రిమ్‌కు చిన్న బరువులు పెట్టడం) మొదటి అనుమానం. కొత్త బండిలో ఇంకో కారణం కూడా ఉంది. కారు తయారైన నెలకూ మీ చేతికి వచ్చిన నెలకూ మధ్య ఎంత గ్యాప్ ఉందో చూడండి. ఆర్సీలో తయారీ నెల, సంవత్సరం ఉంటాయి. టైరు మీద డాట్ అక్షరాల వరుస చివరన ఉన్న నాలుగు అంకెల్లో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం: 2325 అంటే 2025లో 23వ వారం. నెలల తరబడి స్టాక్ యార్డులో ఒకేచోట నిలబడిన బండి టైర్లు నేలకు ఆనినచోట చదునవుతాయి. కొద్దిరోజుల మచ్చ అయితే హైవే మీద పదిహేను, ఇరవై నిమిషాల్లో టైరు వేడెక్కి సర్దుకుంటుంది. పొద్దున్నే ఉండి కాసేపటికి పోయే వణుకు ఇదే. వేడెక్కినా పోకపోతే ఆ టైరు ఇక సర్దుకోదు. టైర్ల వారంటీ చాలావరకు టైరు కంపెనీది, కారు కంపెనీది కాదు. అయినా కంప్లైంట్ డీలర్ ద్వారానే నమోదు చేయించండి.

ఫోన్‌లో వైబ్రేషన్ కొలిచే యాప్‌లు దొరుకుతాయి, అదురు సెకనుకు ఎన్నిసార్లు వస్తోందో చూపిస్తాయి. ఫోన్‌ను సెంటర్ కన్సోల్ మీద కదలకుండా పెట్టి, లెక్క పక్కవాళ్లను చూడమనండి. 185/65 ఆర్15 టైరు చుట్టుకొలత దాదాపు 1.95 మీటర్లు. గంటకు 100 కి.మీ. అంటే సెకనుకు 27.8 మీటర్లు, అంటే చక్రం సెకనుకు 14 చుట్లు. యాప్‌లో 14 హెర్ట్జ్ (సెకనుకు 14 సార్లు) దగ్గర ఎక్కువగా కనబడితే దోషం చక్రానిది లేదా టైరుది. అదే సమయంలో ఇంజన్ 2,400 ఆర్‌పీఎమ్‌లో ఉంటే దాని తిరుగుడు 40 హెర్ట్జ్, రెండూ కలిసిపోవు. ఆ స్క్రీన్‌షాట్ చేతిలో ఉంటే సర్వీస్ అడ్వైజర్‌తో మాట వేరుగా సాగుతుంది.

బ్యాలెన్సింగ్ చేయించేటప్పుడు దగ్గరుండండి. మెషీన్ మీద చక్రం తిరుగుతున్నప్పుడు రిమ్ అంచు పక్కకు ఊగుతోందా, టైరు పైకీ కిందికీ ఎగురుతోందా అన్నది కంటికే కనబడుతుంది. కంటికి కనబడేంత ఊగితే బరువులు పెట్టి లాభం లేదు, రిమ్ వంగి ఉంటుంది లేదా టైరు సరిగా కూర్చోలేదు. కొత్త చక్రం యాభై, అరవై గ్రాములు అడిగితే టైరును రిమ్ మీద సగం చుట్టు తిప్పి మళ్లీ చూడమనండి. నాకు అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష ఇంకా తేలిక: ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి మార్పించండి. వణుకు స్టీరింగ్ నుంచి సీటుకు మారితే తప్పు ఆ చక్రాలదే, ఇక వాదన లేదు. స్టీరింగ్‌లోనే ఉండిపోతే చక్రాలను వదిలేసి హబ్ (చక్రాన్ని బిగించే మధ్య భాగం), షాఫ్ట్, సస్పెన్షన్ వైపు వెళ్లాలి.

జేసీ రోడ్డులో కొత్త అలాయ్ వీల్స్ వేయించుకున్నాక వణుకు మొదలైతే మధ్య రంధ్రం చూడండి. మన కారు హబ్ కన్నా అది పెద్దదైతే చక్రం సరిగ్గా మధ్యలో కూర్చోదు. సందు నింపే హబ్ రింగులు వేయించాలి, లేదా పాత రిమ్ములకే తిరిగి వెళ్లాలి.

నాలుగో మెట్టు: బ్రేకు వేస్తేనే అదిరితే

ఇక్కడ ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే తప్పుడు వైద్యం ఎక్కువగా జరిగేది ఇక్కడే. గ్యారేజీలో "డిస్క్ బెండ్ అయింది" అనేస్తారు. డిస్కు నిజంగా వేడికి వంగిపోవడం అరుదు. ఎక్కువసార్లు జరిగేది డిస్కు మందం చుట్టూ ఒకేలా లేకపోవడం. ఒకచోట కాస్త మందం, ఇంకోచోట కాస్త పలచన. మందమైన భాగం, డిస్కును రెండు వైపులా నొక్కే ప్యాడ్ల మధ్యకు వచ్చిన ప్రతిసారీ పట్టు పెరుగుతుంది, పలచనిది రాగానే తగ్గుతుంది. ఆ పెరుగుదల, తగ్గుదలే అదురు. 0.02 మి.మీ. తేడా చాలు. మనిషి వెంట్రుక మందంలో మూడో వంతు కూడా ఉండదది, కంటికి కనబడే ప్రశ్నే లేదు.

కొత్త కారులో ఆ తేడా ఎలా వస్తుంది? మొదటిది తుప్పు. యార్డులో వానకు తడిసిన డిస్కు అంతా తుప్పు పడుతుంది. అది నాలుగు బ్రేకులకు అరిగి పోతుంది, భయపడక్కర్లేదు. కానీ ప్యాడు ఆనుకుని ఉన్నచోట తడి ఆరక, ప్యాడు ఆకారంలోనే లోతుగా తింటుంది. రిమ్ ఊచల సందులోంచి టార్చి వేసి చూస్తే డిస్కు మీద ప్యాడంత మచ్చ కనబడుతుంది. చక్రం చుట్టు తిరిగిన ప్రతిసారీ ఒక దెబ్బ కొట్టేది అదే. ఎలక్ట్రిక్ కార్లలో ఇది మరీ ఎక్కువ. రీజెన్ బ్రేకింగే (మోటారే వేగం తగ్గిస్తూ బ్యాటరీని ఛార్జ్ చేసే పద్ధతి) వేగాన్ని చాలావరకు తగ్గించేస్తుంది కాబట్టి డిస్కులు వాడకం లేక తుప్పు పట్టి ఉంటాయి. ఆ బండ్లను రీజెన్ తక్కువ స్థాయిలో పెట్టి పరీక్షించండి.

రెండోది మన అలవాట్లలోంచి వచ్చేది. కొత్త బండిని ముందు తిరుమలకు తీసుకెళ్లడం మనలో చాలా ఇళ్లలో ఆనవాయితీ. బెంగళూరు నుంచి కోలార్, ముళబాగిలు, పలమనేరు దాటి, మొగిలి ఘాట్ దిగి చిత్తూరు మీదుగా తిరుపతి చేరేసరికి మీటరు రెండొందల యాభై దాటుతుంది. ప్యాడ్లు డిస్కులకు ఇంకా పూర్తిగా అలవాటుపడి ఉండవు. మొదటి 300 కి.మీ. వరకు గట్టి బ్రేకులు వద్దని చాలా కార్ల మాన్యువల్‌లోనే ఉంటుంది. దర్శనం అయ్యాక దిగేది 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు, దాదాపు 19 కి.మీ., 36 మలుపులు. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే ప్యాడ్లు కాగిపోతాయి. కింద అలిపిరి దగ్గర ఆగి, అంత వేడి డిస్కును పెడల్ నొక్కి అలాగే పట్టుకుంటే ప్యాడు పదార్థం ఆ ఒక్కచోట అంటుకుంటుంది. మచ్చ అక్కడ పడుతుంది, అదురు తిరుగు ప్రయాణంలో మొదలవుతుంది.

తిరుమల మానమని కాదు. దిగేటప్పుడు రెండో గేరులో, ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లో గాని ఎల్ లో గాని పెట్టి, ఇంజన్‌తోనే వేగం ఆపండి. బ్రేకు కొద్దిసేపు గట్టిగా వేసి వదిలేయండి, తడుతూ ఉండొద్దు. కిందికి వచ్చాక వెంటనే ఆపకుండా కొంతదూరం నెమ్మదిగా నడిపి, ఆగిన తర్వాత సమతల నేల అయితే హ్యాండ్‌బ్రేకు వేయకుండా గేరులో గాని పీ లో గాని వదలండి. నంది కొండ నుంచి దిగేటప్పుడూ ఇదే పద్ధతి.

మూడోది బిగింపు. పంక్చర్ షాపులో గాలి గన్నుతో నట్లు ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువగా బిగిస్తే డిస్కు హబ్ మీద వంకరగా కూర్చుంటుంది. మొదట్లో అదురు ఉండదు. వంకర డిస్కు తిరిగేటప్పుడు ప్రతి చుట్టులోనూ ఒకేచోట ప్యాడుకు రాసుకుని, కొన్ని వేల కిలోమీటర్లకు అక్కడ పలచబడుతుంది. అప్పుడు అదురు బయటపడుతుంది, ఎప్పుడో వేయించిన పంక్చర్ ఎవరికీ గుర్తుండదు. హబ్‌కూ డిస్కుకూ మధ్య తుప్పు పొర, పెయింటు చుక్క ఉన్నా ఇదే జరుగుతుంది. ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ జరిగే పిన్ను పట్టేసినా ప్యాడు వదలదు. నడిపి ఆగాక ఒక చక్రం దగ్గర మాత్రమే వేడి సెగ, కాలిన వాసన వస్తుంటే ఆ పిన్ను మీద అనుమానం. చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి, డిస్కును తాకొద్దు.

ఐదో మెట్టు: ఇంటి వైద్యం ఒకసారి

మచ్చ పలచగా ఉంటే ప్యాడ్లను మళ్లీ అలవాటు చేస్తే పోయే అవకాశం ఉంది. ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 10 వరకు, ఏబీఎస్ రాకుండా, కాస్త గట్టిగా బ్రేకు వేయండి. పూర్తిగా ఆపొద్దు. మళ్లీ 60కి వెళ్లి, అర నిమిషం చల్లబరిచి, మళ్లీ. ఇలా ఎనిమిది, పదిసార్లు. ఆ తర్వాత బ్రేకు దాదాపు వాడకుండా పది నిమిషాలు నడిపి చల్లార్చండి. ఒకసారి చేసి చూడండి, తేడా లేకపోతే పదేపదే చేయొద్దు. లోతైన తుప్పు మచ్చ, వంకర హబ్ దీనికి లొంగవు.

బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగినా, పెడల్ మెత్తగా లోపలికి దిగినా, అదురు ఒక్కరోజులో హఠాత్తుగా పెరిగినా ఈ ప్రయోగాలేవీ వద్దు. బండిని టో చేయించి పంపండి.

ఆరో మెట్టు: వర్క్‌షాప్‌లో

జాబ్ కార్డులో మీ మాటలే రాయించండి. "వైబ్రేషన్ చెక్" అని కాదు. "100 నుంచి 70 వరకు మెల్లగా బ్రేకు వేస్తే స్టీరింగ్, పెడల్ రెండూ అదురుతున్నాయి. బ్రేకు లేకుండా అదురు లేదు. బండి వేడెక్కాక ఎక్కువ" అని. బండి అప్పగించే ముందు టెక్నీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ వేగంలో అదురు చూపించండి. షోరూం చుట్టూ వీధుల్లో 40లో తిప్పి "ఏమీ లేదు సార్" అనడానికి అవకాశం ఇవ్వొద్దు.

తర్వాత అడగాల్సింది కొలత. డయల్ గేజ్ (ముల్లుతో సన్నటి కదలిక చూపే కొలత సాధనం) పెట్టి, తిరిగేటప్పుడు డిస్కు పక్కకు ఊగేది ఎంతో చూడాలి. కారును బట్టి పరిమితి మారుతుంది కానీ సాధారణంగా 0.05 నుంచి 0.1 మి.మీ. లోపే ఉండాలి. మైక్రోమీటరుతో డిస్కు చుట్టూ ఎనిమిది చోట్ల మందం కొలవాలి. అంచు నుంచి ఒకే దూరంలో, సుమారు 10 మి.మీ. లోపలికి. మైక్రోమీటరు అంత సూక్ష్మంగా కొలవని వెర్నియర్ స్కేలుతో కొలిస్తే 0.02 తేడాను నమ్మలేం. ఊగు ఎక్కువ ఉంటే డిస్కు విప్పి, హబ్ ముఖం శుభ్రం చేసి, హబ్ ఊగు విడిగా కొలవాలి. హబ్ దగ్గర చిన్న తేడా డిస్కు అంచుకు వచ్చేసరికి పెద్దదవుతుంది కాబట్టి, హబ్ వదిలేసి డిస్కు మాత్రమే మారిస్తే కొన్ని నెలలకు అదురు మళ్లీ వస్తుంది. అంకెలు జాబ్ కార్డు మీదే రాసిమ్మని అడగండి.

డిస్కును లేత్ మీద పట్టిస్తామంటే, పట్టించాక మందం ఎంత మిగులుతుందో అడగండి. కనీస మందం డిస్కు మీదే పోతపోసి ఉంటుంది. కొత్త బండికి లోతైన మచ్చ ఉంటే డిస్కులు, ప్యాడ్లు జతగా మార్చమని పట్టుబట్టడమే న్యాయం. డిస్కులు, ప్యాడ్లు అరిగే వస్తువులు, వారంటీ రాదని చెప్తారు. అరుగుదలకు వారంటీ రాదు, నిజమే. మన వాడకంతో సంబంధం లేకుండా కొద్ది వేల కిలోమీటర్లలో వచ్చిన మందం తేడా అరుగుదల కాదు, తయారీ లోపమో నిల్వలో జరిగిన నష్టమో అవుతుంది. ఆ వాదనకు ఆధారం మీ చేతిలోని కొలతలే.

డీలర్ వినకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కు జాబ్ కార్డులు, వీడియోలు జతచేసి మెయిల్ పెట్టండి, వాళ్ల ప్రాంతీయ ఇంజనీరు సమక్షంలో రోడ్డు పరీక్ష అడగండి. అప్పటికీ కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం మనం ఉంటున్న లేదా పనిచేస్తున్న చోటే ఫిర్యాదు వేయొచ్చు. అనంతపురంలోనో హైదరాబాద్‌లోనో కొన్న కారు గురించి బెంగళూరులో ఉంటూ ఇక్కడి జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. చెల్లించిన ధర 50 లక్షల లోపైతే జిల్లా స్థాయిలోనే విచారిస్తారు, సమస్య తలెత్తినప్పటి నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది.

పని పూర్తయి బండి చేతికి వచ్చినప్పుడు వీల్ నట్లు టార్క్ రెంచితో (ఎంత బిగువో కొలిచి చూపే రెంచి), ఎదురెదురు వరుసలో బిగించారా అని అడిగి, మాన్యువల్‌లోని అంకెతో సరిచూడండి. వంద కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి బిగువు చూపించండి. డిస్కులు మార్చి ఉంటే మొదటి 300 కి.మీ. మళ్లీ మొదటి నుంచి లెక్క, ఆ లోపు ఘాట్ రోడ్డు పెట్టుకోకండి.